మ్యూజియాల్లో మా తాత పని

ప్రతి సంవత్సరం మన హాస్టల్ వార్షికోత్సవ సంచికలో గ్రూప్స్‌కు ఎలా చదవాలి, ఇంగ్లీషు ఎలా నేర్చుకోవాలి, ఇంటర్వ్యూలో ఎలా మాట్లాడాలి అని సీనియర్లు రాస్తుంటారు. అవన్నీ అవసరమే. నేను మాత్రం ఈసారి మ్యూజియాల గురించి రాస్తున్నాను. "మ్యూజియాలతో మనకేం పని అన్నా?" అని తమ్ముళ్లు, చెల్లెళ్లు అడగవచ్చు. అందరికన్నా మనకే ఎక్కువ పని ఉందని చెప్పడానికే ఈ నాలుగు మాటలు.

నేను ఈ హాస్టల్లో ఆరో తరగతి నుంచి పదో తరగతి వరకు ఉన్నాను. మా ఇంట్లో డిగ్రీ పాసైన మొదటి మనిషిని నేనే. అమ్మానాన్నలు కూలికి పోతారు. మా తాతది తోలు పని. ఒకప్పుడు మా ఊరి బావులన్నిటికీ మోట బొక్కెనలు కుట్టింది ఆయనే. ఊళ్లో రైతుల కాళ్లకు చెప్పులు కూడా ఆయనవే. కరెంటు మోటార్లు వచ్చి మోటలు పోయాయి. ప్లాస్టిక్ చెప్పులు వచ్చి తోలు చెప్పులు పోయాయి. నాకు ఊహ తెలిసేనాటికే తాత తన ఆరె, రంపె గోనెసంచిలో చుట్టి అటక మీద పెట్టేశాడు. ఆ పని గురించి ఎప్పుడు అడిగినా "అదొక పనా బిడ్డా? నువ్వు సదువుకో" అని మాట తప్పించేవాడు.

పీజీలో నేను ప్రాచీన చరిత్ర తీసుకున్నాను. 2024లో మా క్లాసు వాళ్లందరినీ రిటైరైన మా సారు ఒకరు రెండు రోజులపాటు హైదరాబాద్ మ్యూజియాలకు తీసుకెళ్లారు. సారు చేతిలో ఒక గొడుగు తప్ప కాగితం కూడా లేదు. లోపలికి వెళ్లేముందు మమ్మల్ని చెట్టు కింద నిలబెట్టి ఇలా చెప్పారు. "ఏ వస్తువు ముందు నిలబడినా మూడు ప్రశ్నలు వేసుకోండి. దీన్ని దేనితో చేశారు? ఎవరు చేశారు? ఇక్కడికి ఎలా వచ్చింది? మొదటిదానికి, మూడోదానికి జవాబు పక్కన ఉన్న చీటీ మీద దొరుకుతుంది. రెండోదానికి చాలాచోట్ల దొరకదు. దాన్ని మీరే వెతకాలి."

మొదటి రోజు పొద్దున మూసీ ఒడ్డున ఉన్న సాలార్‌జంగ్ మ్యూజియం చూశాం. మూడో సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీఖాన్ 1949లో చనిపోయాడు. ఆయనకు పెళ్లి కాలేదు, వారసులు లేరు. ఆయనా, ఆయన తాత తండ్రులూ సేకరించిన వస్తువులతో 1951 డిసెంబర్ 16న దివాన్ దేవిడీలో నెహ్రూ ఈ మ్యూజియాన్ని ప్రారంభించారు. 1961లో పార్లమెంటు చట్టం ద్వారా ఇది జాతీయ ప్రాముఖ్యత గల సంస్థ అయింది. 1968లో ఇప్పుడున్న భవనానికి మారింది. అంటే ఒకప్పుడు ఒక్క కుటుంబం చూసుకున్న వస్తువులు ఇప్పుడు సినిమా టికెట్ కన్నా తక్కువ డబ్బులకే మనందరం చూడవచ్చు.

అందరూ ముందుగా పరుగెత్తేది మేలిముసుగు రెబెకా దగ్గరికి. ఇటలీ శిల్పి బెంజోని చెక్కిన పాలరాతి బొమ్మ అది. 1876లో మొదటి సాలార్‌జంగ్ రోమ్‌లో కొన్నాడు. రాయిలో ముసుగు, ఆ ముసుగులోంచి ముఖం కనిపిస్తుంటే మా వాళ్లకు నోటమాట రాలేదు. సారు మాత్రం "చీటీ చూడండి, ఇక్కడ చేసినవాడి పేరు ఉంది. గుర్తుపెట్టుకోండి, ఇది అరుదు" అన్నారు.

తర్వాత గడియారం. కలకత్తాలోని కుక్ అండ్ కెల్వీ కంపెనీది. గంట కొట్టే సమయానికి చిన్న తలుపు తెరుచుకుని గడ్డం ఉన్న బొమ్మ బయటికి వచ్చి, ఎన్ని గంటలైతే అన్నిసార్లు గంట కొట్టి లోపలికి పోతుంది. దానికోసం జనం ముందుగానే వచ్చి కూర్చుంటారు. మేమూ కూర్చున్నాం. అంతా అయిపోయి జనం లేస్తుంటే సారు మమ్మల్ని ఆపి, "ఇంకో బొమ్మను చూశారా?" అని అడిగారు. అదే గడియారంలో సుత్తి పట్టుకున్న కమ్మరి బొమ్మ ఒకటి ఉంది. అది సెకను సెకనుకూ దెబ్బ వేస్తూనే ఉంటుంది. గంటకొకసారి వచ్చేవాడిని చూడడానికి అంతమంది వచ్చారు, ఆగకుండా పని చేసేవాడిని మాలో ఇద్దరే గమనించారు. ఆ ఇద్దరిలో ఒకమ్మాయి వాళ్ల నాన్నది కమ్మరి కొలిమి.

బిదిరీ పాత్రల దగ్గర కూడా చాలాసేపు నిలబడ్డాం. బీదర్ 1956 వరకు మన హైదరాబాద్ రాష్ట్రంలోనే ఉండేది. జింకు, రాగి కలిపి పోత పోసి, మీద సన్నగా చెక్కి, ఆ చెక్కిన గీతల్లో వెండి పొదుగుతారు. చివరికి బీదర్ కోట మట్టి కలిపిన నీళ్లలో వేస్తే లోహం నల్లబడుతుంది, వెండి మాత్రం తెల్లగా మెరుస్తుంది. ఏ మట్టి పనికొస్తుందో ఆ పనివాళ్లు నాలుకతో రుచి చూసి చెబుతారని సారు అన్నారు. మనం కెమిస్ట్రీ అని ల్యాబ్‌లో చదివింది వాళ్లు నాలుక మీద పెట్టుకున్నారు.

ఆయుధాల గ్యాలరీలో నా కాళ్లు ఆగిపోయాయి. అందరూ కత్తుల పిడుల మీద రాళ్లను చూస్తున్నారు. నేను తోలు డాలునూ, కత్తి ఒర మీది కుట్టునూ చూస్తున్నాను. చీటీ మీద కత్తి గురించే ఉంది. అంత సన్నటి కుట్టు వేసిన మనిషి గురించి ఏమీ లేదు. ఎందుకో తాత గుర్తొచ్చాడు. ఫోన్లో ఫోటో తీసుకున్నాను.

మధ్యాహ్నం పురానీ హవేలీలోని నిజాం మ్యూజియానికి వెళ్లాం. ఏడో నిజాం సిల్వర్ జూబిలీకి వచ్చిన కానుకలు అక్కడ ఉన్నాయి. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ బట్టల కోసం చేయించిన రెండంతస్తుల చెక్క అల్మారా చూస్తే మన ట్రంకు పెట్టెలు గుర్తొచ్చి నవ్వొచ్చింది. ఆయన వేసిన బట్ట మళ్లీ వేసేవాడు కాదని చెబుతారు. మనం రెండు జతల యూనిఫాంతో సంవత్సరం గడిపినవాళ్లం! ఇక్కడే 2018 సెప్టెంబర్‌లో బంగారు టిఫిన్ డబ్బా దొంగతనం జరిగింది. వారం పది రోజుల్లోనే దొరికింది. దొంగల్లో ఒకడు ఆ డబ్బాలోనే తిండి తిన్నాడని అప్పట్లో పోలీసులు చెప్పారు. సారు ఇది చెబితే మా వాళ్లు పడీ పడీ నవ్వారు. "మరి ఆ డబ్బా చేసిన కంసాలి ఎవరో ఎవరికైనా తెలుసా?" అని సారు అడిగేసరికి అందరం నిశ్శబ్దం.

రెండో రోజు పబ్లిక్ గార్డెన్స్‌లోని స్టేట్ మ్యూజియం. పిల్లలందరూ మమ్మీ కోసం వస్తారు. ఈజిప్టు నుంచి తెచ్చిన ఆ మమ్మీకి 2016లో సీటీ స్కాన్ కూడా తీశారు. నాకు మాత్రం అజంతా చిత్రాల నకళ్లు నచ్చాయి. అజంతా ఒకప్పుడు నిజాం రాజ్యంలో ఉండేది. గోడల మీది బొమ్మలు పాడైపోతున్నాయని అప్పటి పురావస్తు శాఖ చిత్రకారులతో నకళ్లు వేయించింది. సయ్యద్ అహ్మద్, జలాలుద్దీన్ అనే ఇద్దరు ఆ గుహల చీకట్లో కూర్చుని గీత గీతా ఎక్కించారు. నకలు తీసినవాళ్ల పేర్లు మనకు తెలుసు. అసలు వేసినవాళ్ల పేర్లు తెలియవు.

బౌద్ధ శిల్పాల దగ్గర సారు మన సూర్యాపేట జిల్లా ఫణిగిరి గురించి చెప్పారు. అక్కడి తవ్వకాల్లో దొరికిన సున్నపురాయి శిల్పాలు 2023లో న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ మ్యూజియంలో ప్రదర్శనకు వెళ్లి, తర్వాత కొరియాలోని సియోల్‌కు కూడా వెళ్లాయి. మన పక్క ఊరి రాళ్లను చూడడానికి అమెరికావాళ్లు టికెట్ కొన్నారన్నమాట.

అప్పుడు నేను అడిగాను. "సార్, రెండో ప్రశ్నకు జవాబు ఎక్కడా లేదా? పనిచేసేవాళ్ల పేరు ఎక్కడా రాయలేదా?" సారు గొడుగు ఆనించుకుని కాసేపు ఆలోచించి అమరావతి శాసనం గురించి చెప్పారు. అమరావతి మహాస్తూపం దాదాపు రెండు వేల ఏళ్ల కిందటిది. దాన్ని ఒక్క రాజు కట్టించలేదు. వర్తకులు, ఇంటి ఆడవాళ్లు, సన్యాసినులు, మామూలు మనుషులు తలా ఒక రాయి ఇచ్చారు. అందులో పూర్ణకుంభం చెక్కిన పలక ఒకదాని మీద బ్రాహ్మీ లిపిలో, ప్రాకృత భాషలో దాత పేరు ఉంది. నాగుడనే ఉపాధ్యాయుడి కొడుకు విధికుడు తన తల్లితో, భార్యతో, అన్నదమ్ములతో, పిల్లలతో కలిసి ఇచ్చిన దానం అది. ఆ విధికుడి వృత్తి కూడా శాసనంలో రాసి ఉంది. చర్మకారుడు. అంటే తోలు పని చేసేవాడు.

తమ్ముళ్లారా, చెల్లెళ్లారా! ఆ మాట విన్నప్పుడు నాకు ఏమనిపించిందో సరిగ్గా రాయలేను. తోలు పనివాడు, అతని తండ్రి పదిమందికి చదువు చెప్పే ఉపాధ్యాయుడు, ఆ పనివాడి పేరు స్తూపం మీద! వృత్తిని దాచుకోలేదు, రాతి మీద చెక్కించుకున్నాడు. మన తాతలు తమ పని పేరు చెప్పడానికి తలవంచుకునే రోజు ఆ తర్వాత ఎప్పుడో వచ్చింది. మొదటినుంచీ అలాగే లేదు. ఎప్పుడు వచ్చింది, ఎలా వచ్చింది అన్నదే ఇప్పుడు నేను చదువుకోవాలనుకుంటున్న విషయం.

ఆ ఆదివారం ఊరికి వెళ్లాను. తాతకు ఫోన్లో ఒర ఫోటో చూపించాను. కళ్లద్దాలు తెచ్చుకుని, బొమ్మను పెద్దది చెయ్యమని చాలాసేపు చూశాడు. "ఇది ఒంటి కుట్టు కాదు బిడ్డా. రెండు దిక్కులకెళ్లి దారం తీసిండు. చెయ్యి తిరిగిన పనోడు" అన్నాడు. నవాబు దగ్గర ఉన్న వస్తువును మా తాత పరీక్ష చేసి మార్కులు వేశాడు! తర్వాత విధికుడి సంగతి చెప్పాను. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. "పేరు రాసుకున్నడా?" అని రెండుసార్లు అడిగాడు. అటక మీది సంచి దింపమన్నాడు.

ఆ రాత్రి తాత చెబుతుంటే నేను నోటుబుక్కులో రాసుకున్నాను. లందలో సున్నం వేసి తోలు నానబెట్టడం, వెంట్రుక ఊడాక తంగేడు చెక్క నీళ్లలో వేయడం, ఆరె ఎట్లా పట్టాలి, రంపె ఎట్లా నూరాలి. మన రాష్ట్ర పుష్పమైన తంగేడు మా తాతకు పువ్వు కాదు, చెక్క. చిన్నప్పుడు డక్కలివాళ్లు మా వాడకు పటం పట్టుకుని వచ్చి జాంబపురాణం చెప్పేవాళ్లని కూడా చెప్పాడు. అలాంటి పటాలను వేసేది చేర్యాల నకాషీలు. హైదరాబాద్‌లోని జగదీష్ అండ్ కమలా మిత్తల్ మ్యూజియంలో అటువంటి పాత పటాలు భద్రంగా ఉన్నాయి. నా తర్వాతి ప్రయాణం అక్కడికే, వీలైతే తాతతో.

మీలో బీడీలు చుట్టే అమ్మలు, సుతారి పని చేసే నాన్నలు, మగ్గం మీద కూర్చునే తాతలు ఉన్నవాళ్లు చాలామంది ఉన్నారు. ఈ సెలవుల్లో వాళ్ల పనిముట్ల పేర్లు అడిగి రాసుకోండి. సిగ్గుపడి చెప్పకపోతే మళ్లీ అడగండి. ఆ నోటుబుక్కు చేతిలో పట్టుకుని మ్యూజియానికి వెళితే గాజు అద్దాల వెనుక ఉన్నవి రాజుల వస్తువులుగా కనిపించవు, మనవాళ్ల చేతిపనిగా కనిపిస్తాయి.

హైదరాబాద్ వచ్చేవాళ్లు వార్డెన్ సారు దగ్గర నా ఫోన్ నంబరు తీసుకోండి. నేనే దగ్గరుండి చూపిస్తాను. ఒక పూటకు ఒక మ్యూజియమే పెట్టుకుందాం, కాళ్లు నొప్పి పుడితే కళ్లు పనిచేయవు. శుక్రవారం మాత్రం రాకండి, సాలార్‌జంగ్‌కు సెలవు.