పందిరీ, రైలుపెట్టే, ప్లాస్టిక్

ఖరగ్‌పూర్ రైల్వే పట్టణం చరిత్ర విద్యార్థికి రెండు కారణాల వల్ల పరిచితం. ఒకటి బెంగాల్ నాగపూర్ రైల్వే నెలకొల్పిన కర్మాగారం. దాని వెంట ఉత్తర కోస్తా నుంచి తరలివచ్చి, తరాలుగా అక్కడే స్థిరపడిన తెలుగు కుటుంబాలు. రెండవది హిజిలీ నిర్బంధ శిబిరం. 1931 సెప్టెంబరు 16న జరిగిన కాల్పుల్లో సంతోష్ కుమార్ మిత్ర, తారకేశ్వర్ సేన్‌గుప్తా అసువులు బాసిన ఆ భవనంలోనే 1951లో దేశంలోని తొలి ఐ.ఐ.టి. తరగతులు మొదలయ్యాయి. ప్రపంచ ప్లాస్టిక్ ఉత్పత్తి లెక్కలు కూడా 1950 నుంచే ఆరంభమవుతాయి. ఆ విద్యాసంస్థా, ఈ ఉపద్రవమూ ఇంచుమించు ఒకే ఈడువి.

ఆ లెక్కలను 2017లో గేయర్, జాంబెక్, లా అనే శాస్త్రవేత్తలు ప్రకటించారు. 2015 వరకు తయారైన ప్లాస్టిక్ సుమారు 830 కోట్ల టన్నులు. చెత్తగా మారినది 630 కోట్ల టన్నులు. అందులో తిరిగి వాడుకకు వచ్చినది 9 శాతమే. ఇంతటి అంకె ఎవరి మనస్సుకూ ఆనదు. మనిషి ఆ అంకె లోపలికి నడిచివెళ్ళగలిగితే తప్ప దాని బరువు తెలియదు. 2022లో నైరోబీలో ఐక్యరాజ్యసమితి పర్యావరణ సభ జరిగిన ఆవరణలో బెంజమిన్ వాన్ వాంగ్ నిలిపిన కుళాయి, నీటికి బదులు ప్లాస్టిక్ చెత్తను ధారగా కార్చే ఆ మహాకుళాయి, ఈ దారిలోదే.

వంగదేశానికి ఈ విద్య కొత్త కాదు. తోలుబొమ్మలాటలో ప్రేక్షకుడు తెర ఇవతల కూర్చుంటాడు. దుర్గాపూజ పందిరిలో తెరే ఉండదు, చూడవచ్చినవాడు కథలోకే అడుగుపెడతాడు. వెలుగూ, డోలు చప్పుడూ, ధూపమూ అతణ్ణి చుట్టుముడతాయి. కోల్‌కతా దుర్గాపూజను 2021లో యునెస్కో మానవజాతి అమూర్త వారసత్వ జాబితాలో చేర్చడం సముచితమే. అయితే ఒక చిక్కు ఉన్నది. ప్లాస్టిక్ సీసాలతోనే కట్టిన పందిరి ప్లాస్టిక్‌ను నిరసిస్తుంది, సరే; నాలుగు రోజుల అనంతరం ఆ సీసాలు ఎక్కడికి పోతాయి? ఈ ప్రశ్న వేయని కళ ఎంత అందమైనదైనా అలంకారమే.

రైల్వే పట్టణానికి మరొక నమూనా ఉన్నది. 2007 అక్టోబరు 30న ఢిల్లీ సఫ్దర్‌జంగ్ స్టేషనులో బయలుదేరిన సైన్స్ ఎక్స్‌ప్రెస్ 2017 వరకు శాస్త్రవిజ్ఞానాన్ని పట్టాల మీద ఊరూరా తిప్పింది. దానివి పదహారు పెట్టెలు. ఖరగ్‌పూర్ ప్లాట్‌ఫారం పొడవు 1072.5 మీటర్లు, అలాంటి రైళ్ళు రెండు వరుసగా నిలిచినా ఇంకా చోటు మిగులుతుంది!

అటువంటి ఒక్క పెట్టెలో ఏమి చూపవచ్చు? ప్లాట్‌ఫారం మీద పారేసిన టీ కప్పు కాలువ దారిన కంసావతీ నదికీ, అక్కడినుంచి హల్దీ, హుగ్లీల మీదుగా బంగాళాఖాతానికీ చేరే దారి చూపవచ్చు. ఎండకూ, ఒరిపిడికీ అది నలిగి నలిగి 5 మిల్లీమీటర్లకు దిగువన ముక్కలవుతుంది. ఆ ముక్కలు పోవు, కనబడవు, అంతే. రిచర్డ్ థాంప్సన్ బృందం 2004లో మైక్రోప్లాస్టిక్ అన్న మాటను ప్రచారంలోకి తెచ్చింది వీటి గురించే. అదే ఏడాది రైల్వే శాఖ మట్టి కప్పులను తిరిగి ప్రవేశపెట్టడం కేవలం యాదృచ్ఛికం.

భాష మాట కూడా ఆలోచించవలసి ఉన్నది. బెంగాలీ, హిందీ, ఆంగ్ల ఫలకాలతో అధికారుల బాధ్యత తీరదు. ఇంట్లో తెలుగు మాట్లాడుతూనే లిపికి దూరమైన తరం అక్కడ పెరిగింది. వారికి కావలసినది ఫలకం కాదు, చీకటిలో వినిపించే తెలుగు గొంతు. అదీ శ్రీకాకుళం యాసలో ఉంటే మరీ మంచిది. ఇక ప్రదర్శన ముగిశాక పెట్టె ఏమవుతుందన్న దిగులు అక్కరలేదు. పాత పెట్టెను విప్పి, చెడినది మార్చి, మళ్ళీ బిగించి పట్టాలెక్కించడం ఆ కర్మాగారంలో రోజూ జరిగే పనే.