రాత్రి పదకొండు దాటితే పావు రేటు

నా మొదటి జీతం నెలకు 300 రూపాయలు. 1992లో, ఇంటర్ రెండో ఏడు చదువుతూ, కోడుమూరు బస్టాండు దగ్గర ఎస్‌టీడీ బూత్‌లో కుదిరాను. సాయంత్రం ఆరు నుంచి రాత్రి పన్నెండు దాటేదాకా పని. మా అవ్వ వీధంతా గొప్పగా చెప్పుకుంది. కాకపోతే ‘మా పిల్లోడు బూతులో పని చేస్తాండాడు’ అని ఆమె అన్నప్పుడల్లా విన్నవాళ్ల ముఖాలు చూడాల్సిందే.

అంతకుముందు పని చేయలేదని కాదు. మాది మగ్గం ఇల్లు. కోడుమూరులో నేసే చీరలు గద్వాల చీరలనే పేరు మీద అమ్ముడుపోతాయి. ఒళ్లంతా నూలు, అంచూ కొంగూ పట్టు. నాయన ఇటు నుంచి నాడె వదిలితే అటు అంచు దగ్గర కూర్చున్నవాళ్లు అంచు దారాన్ని అందులో మెలేసి తిరిగి పంపాలి. ఏడెనిమిదేళ్ల వయసు నుంచి ఆ అటు పక్క మనిషిని నేనే. బడి వదలగానే కండెలు చుట్టడం, తర్వాత గుంట పక్కన కూర్చోవడం. ఇంట్లో పిల్లలు చేసేదాన్ని మా దిక్కు పని అనరు, జీతం ఊసే ఉండదు. అందుకే బూత్‌నే మొదటి ఉద్యోగం అంటున్నాను. చేరతానని చెబితే నాయన మగ్గం మీంచి తల ఎత్తకుండానే, ‘ఆడ గూడా కూచుని చేసే పనే గదా, పో’ అన్నాడు.

బూత్ యజమానిని మామా అనేవాణ్ని. చుట్టరికం ఏమీ లేదు, మా అమ్మ ఆయన్ను అన్నా అని పిలిచేది, అంతే. పసుపు బోర్డు మీద నల్లక్షరాలు, అద్దాల గది, లోపల ఒక స్టూలు, నెత్తిన చిన్న ఫ్యాను. ఫ్యాను వేస్తే మాట వినపడదు, వేయకపోతే ఊపిరాడదు. జనం తలుపు తెరిచే మాట్లాడేవాళ్లు కాబట్టి అన్నీ నా చెవిన పడేవి. బయట నా బల్ల మీద మీటరు, దాంట్లో ఎర్ర అంకెలు. దూరం పెరిగేకొద్దీ అంకె తొందరగా మారుతుంది. కర్నూలుకు నిదానంగా నడిచే మీటరు హైదరాబాదుకు పరుగెత్తేది. కువైట్‌కు 00965 కొడితే ఇక రెక్కలే. కువైట్ అంటే కడప వాళ్లదే పేరు, రాజంపేట, రాయచోటి దిక్కు. మా వైపు నుంచి పోయింది ఏదో కొద్దిమందే. ఆ కొద్దిమంది భార్యలు మీటరు వైపు చూస్తూ మాట్లాడేవాళ్లు, మొగుడి ముఖం అందులో ఉన్నట్టు.

రాత్రి పదకొండు దాటితే పావు రేటు. పదిన్నర నుంచే అరుగు మీద జనం చేరేవాళ్లు. పగలు ‘ఆఁ, ఊఁ, పెడతా’ అని మూడు ముక్కల్లో ముగించే మనిషే, పదకొండు దాటాక ఎనుము ఈనిన సంగతి, బుడ్డల ధర, పక్కింటి గోడ తగువు అన్నీ చెప్పేవాడు. ఎవరి దగ్గర ఎంత తీరుబడి ఉందో వాళ్ల బిల్లు చింపి ఇచ్చేటప్పుడు తెలిసిపోయేది.

ఇదంతా ఎట్లా సాధ్యమయిందో అప్పుడు నాకు తెలీదు. తర్వాత చదువుకున్నాను. 1984లో సీడాట్ పెట్టి, శాం పిట్రోడా బృందం 128 లైన్ల గ్రామీణ ఎక్స్ఛేంజిని మన దుమ్ముకూ ఎండకూ తట్టుకునేలా, ఏసీ గది అక్కర్లేకుండా తయారు చేసింది. అది లేకపోతే పల్లెల్లో ఫోను ఇంకా ఎన్నేళ్లు ట్రంకాల్‌గానే ఉండేదో. నేనేమో ఆ కాలంలో లైను కలవకపోతే ఫోను నెత్తిన రెండు తట్టేవాణ్ని. ఒక్కోసారి కలిసేది కూడా.

దసరా దాటితే మా చుట్టుపక్కల పల్లెలు సగం ఖాళీ. సుగ్గికి పోతారు. ముందు పత్తి తీయడానికి, సంక్రాంతి దాటాక మిరపకాయలు కోయడానికి గుంటూరు దిక్కుకు పోతారు. పిల్లాజెల్లా, చట్టీకుండా లారీ ఎక్కి పోతారు. హంద్రీ మా ఊరి పక్కనే పారుతుంది. పారుతుంది అనడం మర్యాద కోసం, ఏడాదిలో ఎక్కువ నాళ్లు ఇసుకే. నేను పనిలో చేరిన ఏడాదే, అక్టోబరులో, మా మండలంలోని లద్దగిరికి చెందిన కోట్ల విజయభాస్కర రెడ్డి రెండోసారి ముఖ్యమంత్రి అయ్యారు. ఆ వారమంతా మా బూత్‌లో హైదరాబాదు లైను కోసం వరస కట్టారు. సుగ్గి లారీలు మాత్రం ఆ ఏడాదీ పోయాయి.

పోయినవాళ్లు ముసలివాళ్లను ఇంటికి కాపలా పెట్టి పోతారు. గుంటూరు దిక్కు నుంచి ఫోను వస్తుంది. ‘అబ్బీ, మా అవ్వను పిలువు, అర్ధగంటకు మళ్లీ చేస్తా.’ నేను సైకిలెక్కి పోవాలి. పిలుపుకు రెండు రూపాయలు, అందులో రూపాయి నాది. జీతం కంటే ఆ రూపాయలే నాకు ముద్దు.

ఒక అవ్వ ఉండేది. రిసీవరు ఎప్పుడూ తలకిందులుగా పట్టుకునేది. చెప్పి చెప్పి, చివరికి నేనే తిప్పి ఆమె చెవికి ఆనించి, తీగ ముక్కుపుడకకు తగులుకోకుండా పట్టుకుని నిలబడేవాణ్ని. ఒకసారి జనవరి చలిలో, జ్వరంతో, కంబళి కప్పుకుని నా వెంట నడిచి వచ్చింది. దారిలో రెండు చోట్ల కూర్చుంది. ఫోను చేతికి రాగానే గొంతు మారిపోయింది. ‘నాకేమి నాయనా, గుండ్రాయి మాదిరి ఉండా. నువ్వు కూడు తిన్యావా?’ కొడుకు ఎదురుగా ఉండి చూస్తున్నట్టు కంబళి కూడా భుజాల మీంచి జార్చేసింది. ఫోను పెట్టాక మళ్లీ కప్పుకుంటూ నాతో అంది: ‘వాడూ బాగుండాడంట. మాట మాటకూ దగ్గుతాండాడు గానీ, బాగుండాననే చెప్పినాడు.’ నవ్వింది. ఆ రూపాయి నేను తీసుకున్నాను. తీసుకోకుండా ఉండాల్సిందని చాలా ఏళ్ల తర్వాత అనిపించింది, అప్పుడు కాదు.

మూడేళ్లపాటు ఆ ఒక్క మాటను ఎన్ని గొంతుల్లో విన్నానో లెక్క లేదు. బాగుండా. కొన్నాళ్లకు నాకొక లెక్క కుదిరింది. నిజంగా బాగున్నవాడు ఆ మాట అనడు. మందు ధరనో, మేస్త్రీనో, కరెంటునో తిట్టుకుంటాడు. ఎవరూ అడగకముందే బాగుండానని మొదలుపెట్టాడంటే ఏదో జరిగిందన్నమాట. కోడుమూరులో ఎవరి ఇంట్లో ఏమి కుదరలేదో అప్పట్లో పూజారి తర్వాత నాకే ఎక్కువ తెలుసు. మామ మొదటి రోజే చెప్పాడు: ‘ఈడ ఇన్నది ఈడనే ఉండాల అల్లుడా. మీ అమ్మకు గూడా చెప్పొద్దు.’

ఒక్కసారి మాత్రం చెప్పాల్సి వచ్చింది. మిరప చేలో ఒకతను పోయాడని ఫోను. ‘వాళ్ల నాయనకు నువ్వే చెప్పబ్బీ’ అని అవతల పెట్టేశారు. నాకు పద్దెనిమిదేళ్లు. సైకిలు తొక్కుకుంటూ పోయి, ఆ పెద్దాయన ఇంటి ముందు నిలబడి, ‘ఫోనొచ్చింది’ అన్నాను. అంతకుమించి నోరు పెగల్లేదు. ఆయన చెప్పులు వేసుకోబోయి, నా వైపు చూసి, వేసుకోకుండానే అరుగు మీద కూర్చుండిపోయాడు.

బూత్ గోడకు ఒక అట్ట ఉండేది, నేను రాసిందే. పాత క్యాలెండరు అట్ట తిప్పి స్కెచ్ పెన్నుతో రాశాను. కువైట్, సౌదీ: మనకంటే రెండున్నర గంటలు వెనక. సింగపూరు: రెండున్నర గంటలు ముందు. ‘ఇప్పుడు ఆడ ఎంతప్పా టైము?’ అని ఒకటే ప్రశ్న అందరికీ చెప్పలేక రాసిపెట్టాను. సింగపూరుకు ఎవరూ ఫోను చేసింది లేదు. అందానికి రాశాను.

డిగ్రీ అయ్యాక అనంతపురం శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయంలో ఎంసీఏ. తర్వాత హైదరాబాదులో ఒక చిన్న కంపెనీలో రెండేళ్లు. దాని గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. జీతం ఆలస్యంగా వచ్చేది, టీ బాగుండేది. రెజ్యూమెలో ఇప్పటికీ నా మొదటి ఉద్యోగం అదే.

2000 జూన్‌లో టెక్సాస్ వచ్చాను. బయలుదేరే ముందు మామకు చెప్పడానికి బూత్‌కు పోయినప్పుడు, ఆ అట్ట మీద కింద ఖాళీ ఉంటే ఇంకో వరస రాశాను. అమెరికా (టెక్సాస్): పదిన్నర గంటలు వెనక. చలికాలం పదకొండున్నర. పక్కన నాయన ఉన్నాడు. ఇక్కడ రాత్రి తొమ్మిదయితే అక్కడ పొద్దున పదిన్నర అని రెండుసార్లు చెప్పాను. ‘అంటే మేం పడుకునే యాళకు నువ్వు పనిలో ఉంటావు’ అన్నాడు. అంతే నాయనా అన్నాను.

డాలస్‌కు ఉత్తరాన రిచర్డ్‌సన్. టెలికాం కారిడార్ అని పేరు. హైవే మీద పోతుంటే ఎరిక్సన్, ఫుజిత్సు బోర్డులు, కొంచెం ముందుకు పోతే ప్లానోలో ఆల్కటెల్. నేను వీటిల్లో దేంట్లోనూ చేరలేదు, ఇట్లాంటి వాళ్లకు పని చేసిపెట్టే ఒక చిన్న కంపెనీలో చేరాను. కాల్ ఎంతసేపు నడిచిందో లెక్కగట్టే సాఫ్ట్‌వేర్‌ను పరీక్షించడం నా పని. అంటే మళ్లీ మీటరే! ఇక్కడ మాత్రం ఎవరి గొంతూ వినపడదు.

మా ఇంట్లో అప్పటికి ఫోను లేదు. శనివారం రాత్రి తొమ్మిదిన్నరకు బూత్‌కు చేసేవాణ్ని, అక్కడ ఆదివారం పొద్దున ఎనిమిది. కొత్తగా పనిలో చేరిన పిల్లవాడు సైకిలెక్కి మా ఇంటికి పోయేవాడు. అర్ధగంట ఆగి మళ్లీ చేస్తే నాయన ఉండేవాడు. ఇండియన్ దుకాణంలో పది డాలర్ల కార్డు కొని, గీకి, ఇంత పొడుగు నంబరు కొట్టాలి. కార్డు మీద రాసిన నిమిషాలు ఏనాడూ పూర్తిగా రాలేదు. పాత బూత్ ఉద్యోగిని కదా, గడియారం పెట్టుకుని లెక్క చూసేవాణ్ని, ఒళ్లు మండేది. అందుకే మా మాటలు నాలుగు నిమిషాలు దాటేవి కావు.

2001లో టెలికాం కుదేలయింది. అక్టోబరులో ఒక మంగళవారం మా కంపెనీలో మధ్యాహ్నానికల్లా సగం కుర్చీలు ఖాళీ. నాకూ ఒక అట్టపెట్టె ఇచ్చారు. హెచ్1బీ వీసా మీద ఉన్నవాళ్లకు ఉద్యోగం పోతే ఇప్పుడు 60 రోజుల దాకా గడువుంది. అది 2017 నుంచి వచ్చింది. అప్పట్లో ఉద్యోగం పోయిన మర్నాటి నుంచే కాళ్ల కింద నేల లేదు.

బుధవారం పొద్దున, గదిలో ఒక్కణ్నే ఉండలేక, ఫోను తీశాను. నాయన వచ్చాడు.

‘బాగుండా నాయనా’ అన్నాను. ఆయన ఇంకా ఏమీ అడగలేదు.

తర్వాత మాట్లాడుతూనే ఉన్నాను. మగ్గం మీద ఏ రంగు చీర ఉంది, పట్టు ధర ఎంత, అవ్వ మోకాళ్లు ఎట్లున్నాయి, హంద్రీలో నీళ్లొచ్చాయా. ఆయన అన్నింటికీ నిదానంగా జవాబు చెప్పాడు. మామిడాకు పచ్చ, ఎర్రంచు అన్నాడు. కార్డు దానంతట అదే అయిపోయేదాకా మాట్లాడాం. పని ఎట్లుందని మాత్రం ఆయన అడగలేదు. అడగనందుకు ఆ రోజు నాకు హాయిగా అనిపించింది, అబద్ధం బాగా అతికిందనుకున్నాను. డిసెంబరులో ఒక మిత్రుడి పుణ్యాన ఇంకో ఉద్యోగం దొరికింది. మధ్యలో వకీలుకు పోసింది పోసినంత. ఆ సంగతి ఇంట్లో ఎప్పుడూ చెప్పలేదు. నాయన 2011లో పోయాడు.

2019లో ఊరికి పోయినప్పుడు మామను చూడబోయాను. ఇప్పుడు ఆ దుకాణంలో సెల్‌ఫోను కవర్లు, రీచార్జి. అద్దాల గది అట్లనే ఉంది, లోపల ఎర్రగడ్డల సంచులు. ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తెప్పించాడు. నాయన గురించి మాట్లాడుకున్నాం. ఉన్నట్టుండి అన్నాడు:

‘ఆ పొద్దు నీకు పని పోయింది గదా అల్లుడా?’

నేను తినడం ఆపాను. ‘ఏ పొద్దు మామా?’

‘అదే, దసరా ముందర. మీ నాయన ఫోను పెట్టినాడు. పెట్టి, పోకుండా, నువ్వు రాసిన అట్ట కాడ నిలబడినాడు. యేళ్ల మీద లెక్క పెట్టినాడు. ఈడ తొమ్మిది, ఆడ పదిన్నర, ఈ పొద్దు బుధవారం అన్నాడు. బావా, పనుండే పిల్లోనికి పొద్దున పదిన్నరకు మగ్గం మీద ఏ రంగుండాదో అడిగే తీరుబడి యాడిది అన్నాడు.’

‘నాకు చెప్పలేదే.’

‘నేనెట్ల చెప్తా? ఈడ ఇన్నది ఈడనే గదా.’

మామ చేతులు కడుక్కుని వచ్చి, తువ్వాలుతో తుడుచుకుంటూ మళ్లీ మొదలుపెట్టాడు. ‘ఆ పొద్దు రెండు రూపాయలు బల్ల మీద పెట్టినాడు. నీ దగ్గర నేను తీసుకుంటానా, ఎత్తుకోప్పా అంటే ఇనల్యా. ఇందులో రూపాయి పిలవనీకి వచ్చిన పిల్లోనిది బావా, వానికియ్యి, మర్సిపోతావు అని చెప్పి పోయినాడు.’