ఆదిలాబాద్ చలి.. పిడికెడు జొన్నలు

డిసెంబర్ చివర్లో ఓ శుక్రవారం కరీంనగర్‌లో ఆదిలాబాద్ బస్సెక్కా. మనసేం బాలేదు. ఆ పొద్దున మా బాల్కనీలో ఓ ఊర పిచ్చుక చచ్చిపడి ఉంది. దానికోసమని నేను తగిలించిన గూటి కిందే!

ఆ గూడు రేకుది. ఫొటోల్లో బాగుందని ఆన్‌లైన్‌లో కొన్నా. చలి రాత్రి రేకు ఐస్‌లా మారుతుందన్న సంగతి ఇంజినీరింగ్ చదివిన నాకు తట్టనే లేదు. చలే చంపిందో, ఇంకేమైందో తెలీదు కానీ, దారంతా అదే గుర్తొచ్చింది.

గోదావరి దాటి, నిర్మల్ తర్వాత మహబూబ్ ఘాట్ ఎక్కేసరికి బస్సులో కిటికీలన్నీ మూసేశారు. ఆదిలాబాద్ చలి సంగతి తెలిసిందేగా, పారా సింగిల్ డిజిట్‌కి పడిపోతుంది.

అమ్మమ్మది పెంకుటిల్లు. వసారా దూలానికి జొన్న కంకుల కుచ్చు వేలాడుతోంది. చూరు కింద అడ్డంగా కట్టిన మట్టికుండ, దాని మూతికి చిన్న రంధ్రం చేసిన చెక్క. పొద్దుగూకే వేళ పిచ్చుకలు గోలగోలగా గింజలు తిని, ఒక్కొక్కటే పెంకుల సందుల్లోకి, కుండలోకి దూరాయి.

నా కథంతా విని అమ్మమ్మ నవ్వలేదు. "పిట్టకు దుప్పటి కప్పుతమా బిడ్డా? మాపటికి కడుపు నిండాలె, ఈదురుగాలి తగలొద్దు. గంతే" అంది.

ఆలోచిస్తే లెక్క కరెక్టే. పిచ్చుక బరువు 30 గ్రాముల లోపే. పగలు తిన్నదాన్ని కొవ్వుగా దాచుకుని, రాత్రంతా దాన్నే కరిగిస్తూ ఒళ్లు వెచ్చగా ఉంచుకుంటుంది. అంటే సాయంత్రం గింజలే దాని పవర్ బ్యాంక్. తెల్లారేసరికి చార్జింగ్ అయిపోతుంది కాబట్టి పొద్దున్నే మళ్లీ పెట్టాలి.

అమెరికాలో పర్పుల్ మార్టిన్ అనే పిట్టలున్నాయి. తూర్పు రాష్ట్రాల్లో అవి దాదాపుగా మనుషులు కట్టిన గూళ్లలోనే పిల్లల్ని పెడతాయి. వాటి తిండి ఎగిరే పురుగులే. వసంతంలో ఉన్నట్టుండి చలి కమ్మితే పురుగులు ఎగరవు. అప్పుడు జనం చెంచాతో కీచురాళ్లని గాల్లోకి ఎగరేసి మరీ తినిపిస్తారు. మన పిచ్చుక అంత కష్టపెట్టదు. జొన్నలో, నూకలో పిడికెడు చాలు.

మీరూ గూడు పెడతారా? రేకు వద్దు, చెక్కో మట్టో మంచిది. రంధ్రం మూడు సెంటీమీటర్లకు కాస్త ఎక్కువ, గాలివాటుకి ఎదురుగా కాకుండా, పిల్లికి అందనంత ఎత్తులో. చలికి ముడుచుకుపోయిన పిట్ట దొరికితే నోట్లో నీళ్లు పోయకండి. గాలి ఆడే అట్టపెట్టెలో, వెచ్చని చీకటి చోట కదిలించకుండా ఉంచండి. తేరుకున్నాక పగటిపూట వదిలేయండి.

అసలు విషయం తెల్లారి తెలిసింది. ఎండాకాలంలో ఈ ఇల్లు కూలగొట్టి స్లాబ్ వేస్తారట. ప్లాన్ మామయ్య ఎప్పుడో నా ఫోన్‌కి పంపాడు, నేనే "సూపర్" అని రిప్లై ఇచ్చా. మళ్లీ తెరిచి చూశా. ఎక్కడా పిట్ట దూరే సందు లేదు.

"మామయ్యా, సజ్జ కింద రెండు కుండలు పెట్టిద్దాం" అన్నా.

"పిట్టలకు గూడ రూం కావాల్నారా?" అని నవ్వాడు మామయ్య.

చలిమంట దగ్గర్నుంచి అమ్మమ్మ గొంతు వినిపించింది: "రెండు కాదు, నాలుగు పెట్టుర్రి."