అంకె ఇచ్చిన ధైర్యం

ఒక సాయంత్రం యారాడ కొండ దిగి ఊళ్ళోకి నడిచి వస్తుండగా, లోగడ నా దగ్గర వైద్యం చేయించుకున్న ఒకావిడ ఎదురైంది. ఎడమ రొమ్ములో ఐదు నెలలుగా గడ్డ ఉందట. "రక్తపరీక్షలో క్యాన్సర్ లేదని వచ్చింది బాబూ" అంటూ సంచిలోంచి ఒక కాగితం తీసింది. సీఏ 15-3 ఎదుట 19 అని ఉంది. 30 లోపు మామూలేనని పక్కనే అచ్చయి ఉంది.

నా గుండె జారిపోయింది. ఉద్యోగంలో ఉన్నప్పుడు ఇలాంటి అంకె చూసి "అంతా నార్మలే" అని ఒక్క ముక్కలో తేల్చి పంపిన సందర్భాలు నాకూ ఉన్నాయి. ఆ మాట విన్నవారు ఇంటికి వెళ్ళి ఏమనుకున్నారో నేనెన్నడూ ఆలోచించలేదు.

సీఏ 15-3 అన్నది మ్యూసిన్-1 అనే ప్రోటీన్‌కు సంబంధించిన తునక. వ్యాధి ఎముకలకో, కాలేయానికో పాకినప్పుడు ఇది రక్తంలో తరచుగా పెరుగుతుంది. గడ్డ చిన్నదిగా ఉన్నప్పుడు చాలామందిలో పెరగదు. కాలేయ వ్యాధులలోనూ, క్యాన్సర్ కాని కొన్ని రొమ్ము జబ్బులలోనూ పెరగవచ్చు. అందుచేత వ్యాధిని కనిపెట్టడానికి ఇది పనికిరాదు. వ్యాపించిన వ్యాధికి మందులు పనిచేస్తున్నాయో లేదో స్కాన్‌లతో కలిపి చూసుకోవడానికి మాత్రం ఉపకరిస్తుంది.

మరి తీవ్రతను తెలిపేవి ఏవి? గడ్డ పరిమాణం, చంకలోని గ్రంథులు, ఇతర అవయవాలకు పాకిందా లేదా అన్నది. వీటితోపాటు బయాప్సీలో తీసిన ముక్కపై చేసే పరీక్షలు. ఈఆర్, పీఆర్ ఉంటే టామాక్సిఫెన్ వంటి హార్మోన్ మాత్రలు పనిచేస్తాయి. హెర్-2 ఎక్కువైతే వ్యాధి వేగంగా పెరుగుతుంది. 1998లో అమెరికాలో అనుమతి పొందిన ట్రాస్టుజుమాబ్ వచ్చాక ఆ రోగుల భవితవ్యం ఎంతో మెరుగుపడింది. కేఐ-67 కణాలు ఎంత చురుకుగా విభజన చెందుతున్నాయో చెబుతుంది.

మర్నాడే ఆవిడను అగనంపూడిలోని హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రికి పంపాను. బయాప్సీలో క్యాన్సర్ అని తేలింది. చంకలో రెండు గ్రంథులకు అప్పటికే పాకింది. ఈఆర్ ఉండటం కాస్త ఊరట. ఆపరేషన్, కీమోథెరపీ, రేడియేషన్ ముగిసి, ఇప్పుడు రోజూ మాత్ర వేసుకుంటోంది. ఆ ఐదు నెలలను మాత్రం ఎవరమూ తిరిగి ఇవ్వలేము.

అమ్మలారా, గడ్డ చేతికి తగిలితే నొప్పి లేదని ఊరుకోకండి. ముందు వైద్యునికి చూపించండి. మామోగ్రామ్ గాని, అల్ట్రాసౌండ్ గాని, అవసరమైతే బయాప్సీ గాని చేయించుకోండి. రక్తపరీక్ష మామూలుగా ఉందన్న ధైర్యంతో ఒక్క వారమైనా జాగు చేయకండి.