చదివి తెలుసుకునే ఊరు

తెలుగునాట ఒక ఊరికి కొత్తగా వచ్చినవాడు దారి తెలియకపోతే టీకొట్టు దగ్గర ఆగి అడుగుతాడు. అడిగించుకున్నవాడు తనకు సరిగా తెలియకపోయినా ఏదో ఒక దిక్కు చూపించే తీరుతాడు, వీధి చివర మరొకడు దాన్ని సరిదిద్దుతాడు, మొత్తానికి నలుగురి నోటిమీదుగా మనిషి గమ్యం చేరుకుంటాడు. బెర్లిన్ మరొక పద్ధతి మీద నడిచే నగరం. అక్కడ తెలియవలసినదంతా ముందే ఎక్కడో రాసి ఉంటుంది, రాసినదాన్ని ప్రతివారూ చదివే ఉంటారన్న నమ్మకంతో ఊరు మెలగుతుంది. అక్టోబరులో మొదలయ్యే శీతాకాలపు సెమిస్టరు కోసం హైదరాబాదు నుంచో విజయవాడ నుంచో వచ్చి దిగే విద్యార్థి చలికీ జర్మన్ భాషకూ కొంత సిద్ధపడే వస్తాడు గాని, అడిగే అలవాటు మానుకొని చదివే అలవాటు చేసుకోవలసి ఉంటుందని అతనికి ఎవరూ చెప్పి పంపరు.

ఈ చదువు ఇంటి గుమ్మం దగ్గరే మొదలవుతుంది. బెర్లిన్ పాత భవనాలకు వీధి నంబరు ఉంటుంది గాని లోపలి ఫ్లాట్లకు చాలాచోట్ల నంబర్లు ఉండవు. వీధివైపు ఒక కట్టడం, దాని వెనుక ఆవరణ, ఆ ఆవరణ అవతల మరో కట్టడం ఉండే ఈ నివాసాల్లో ఎవరు ఎక్కడున్నారో తెలిపేది కాలింగ్ బెల్లు పక్కనా ఉత్తరాల పెట్టె మీదా అతికించిన ఇంటిపేరు మాత్రమే. బ్యాంకు రహస్య సంఖ్య, ఆరోగ్య బీమా కార్డు, పన్ను గుర్తింపు సంఖ్య వంటివి నేటికీ తపాలాలోనే వస్తాయి కనుక, పెట్టె మీద పేరు లేనివాడి ఉత్తరం వచ్చినదారినే వెనక్కి పోతుంది. సొంత ఊళ్లో ఇంటిపేరును ఒక్క పొడి అక్షరానికి కుదించుకొని బతికిన తెలుగువాడు ఇక్కడ దాన్ని పూర్తిగా విప్పి, చిన్న కాగితం మీద రాసి అతికించుకోవలసి రావడం వింతే.

పేరు అతికించుకున్నంత మాత్రాన పని పూర్తికాదు. ఇంట్లో చేరిన రెండు వారాల్లోగా ఆ చిరునామాను పౌరసేవా కార్యాలయంలో నమోదు చేయించుకోవాలని చట్టం. తెలుగు విద్యార్థులు కూడా జర్మన్ మాటతోనే ‘ఆన్‌మెల్డుంగ్’ అని పిలిచే ఈ నమోదుకు ఇల్లు ఇచ్చినవారు సంతకం చేసిన ధ్రువపత్రం కావాలి, ముందుగా తీసుకున్న అపాయింట్‌మెంటూ ఉండాలి. అద్దె గదులు కరువైన నగరంలో కొందరు గదైతే ఇస్తారు గాని ఆ పత్రం ఇవ్వరు. అందుకే గది వెతికేవారు అద్దె ఎంత అన్న ప్రశ్నతోపాటు నమోదు కుదురుతుందా అన్నదీ అడుగుతారు. ఇల్లు లేనిదే నమోదు కాదు, నమోదు లేనిదే తక్కిన పనులు సాగవు, తక్కిన కాగితాలు చూపనిదే మంచి ఇల్లు దొరకదు. ఈ ముడి విప్పుకోవడంలోనే విద్యార్థి మొదటి నెల చాలావరకు గడిచిపోతుంది.

బెర్లిన్‌లోనే 1858లో పుట్టిన సామాజికశాస్త్రవేత్త గెయోర్గ్ జిమ్మెల్ మహానగర మనస్తత్వంపై 1903లో రాసిన ప్రసిద్ధ వ్యాసంలో, నగరవాసి చూపే ముభావం అతను తనను తాను కాపాడుకొనే తీరని వివరించాడు. ఆ వివరణ ఒప్పదగినదే అయినా కొత్తగా వచ్చినవాడికి అంతగా ఊరటనివ్వదు. తలుపు దగ్గర ఎదురైన పొరుగింటివారు ముక్తసరిగా పలకరించి వెళ్లిపోవడం అవమానం కాదని, తమ నియమాలను ఎదుటివాడూ పాటిస్తాడన్న భరోసా వారికి ఉన్నంతకాలం అంతకుమించిన పరిచయం అక్కర లేదన్నది అక్కడి తీరని తెలిసేలోపు అతను చాలాసార్లు నొచ్చుకుంటాడు.

ఈ భరోసా కంటికి కనబడే చోటు భూగర్భ రైలు స్టేషను. యూ-బాన్ అనే ఈ రైళ్లు 1902 నుంచి నడుస్తున్నాయి. హైదరాబాదు మెట్రోలో వలె టికెట్ చూపితే తెరుచుకునే గేట్లు వీటికి లేవు, ఎవరైనా నేరుగా ప్లాట్‌ఫారం మీదికి నడిచి వెళ్లవచ్చు. అయితే కాగితపు టికెట్ కొన్నవాడు దాన్ని అక్కడి యంత్రంలో పెట్టి ముద్ర వేయించుకోవాలి. ఆ సంగతి రాసి ఉంటుంది, ఎవరూ చెప్పరు. మామూలు దుస్తుల్లో పెట్టె ఎక్కే తనిఖీదారులు ముద్ర లేని టికెట్‌ను టికెట్‌గానే లెక్కించక 60 యూరోల జరిమానా రాస్తారు. డబ్బు పెట్టి టికెట్ కొని కూడా దొంగ ప్రయాణికుడి కింద జమ అయిన విద్యార్థి పడే బాధ న్యాయమైనదే. నగరాన్ని చుట్టివచ్చే వలయ రైలు మాత్రం కొత్తవారి పట్ల దయగలది: ఎస్41 సవ్యదిశలో, ఎస్42 అపసవ్యదిశలో సుమారు గంటకొక చుట్టు తిరుగుతాయి కనుక తప్పు రైలెక్కినవాడు కూడా ఆలస్యంగానైనా దిగవలసిన చోటే దిగుతాడు.

ఆదివారం సంగతి వేరు. రైల్వే స్టేషన్లలోని కొన్ని దుకాణాలు, రాత్రి పొద్దుపోయేదాకా తెరిచి ఉండే చిన్న కొట్లు తప్ప బజారంతా మూతపడుతుంది. శనివారం సరుకులు తెచ్చుకోని విద్యార్థికి ఆ సెలవు ఉపవాసంలా తోస్తుంది. ఆదివారపు విశ్రాంతికి రక్షణ 1919 నాటి వైమార్ రాజ్యాంగంలోనే ఉంది, అదే నిబంధనను 1949 నాటి ప్రస్తుత రాజ్యాంగమూ స్వీకరించింది. క్రిస్మస్‌కు ముందు వచ్చే నాలుగు ఆదివారాలూ దుకాణాలు తెరవనిచ్చిన బెర్లిన్ చట్టాన్ని 2009లో సమాఖ్య రాజ్యాంగ న్యాయస్థానం తప్పుపట్టింది. రోజుకు పదహారు గంటలు తెరిచి ఉండే కిరాణా కొట్టు పక్కన పెరిగినవాడికి ఇది మొదట మొండితనంగా కనిపించినా, ఆ కొట్టులో కూర్చునేవాడికి సెలవెప్పుడన్న ప్రశ్న కూడా వెంటనే పుట్టాలి. రాత్రి పదినుంచి ఉదయం ఆరువరకు పాటించే నిశ్శబ్దం వంటింట్లోకీ వస్తుంది: ఆ వేళలో పచ్చడికి మిక్సీ తిప్పితే కింది ఇంటివారు చీపురుకర్రతో పైకప్పును పొడవవచ్చు, ఎండుమిర్చి తాలింపు ఘాటెక్కితే పొగను పసిగట్టే అలారం మోగవచ్చు.

తిండికి మాత్రం పెద్దగా లోటు లేదు. 1961లో కుదిరిన ఒప్పందం మీద పనులకోసం వచ్చి స్థిరపడిన తుర్కీ కుటుంబాల పుణ్యమా అని కొత్తిమీర, పచ్చిమిర్చి, వంకాయ ఎక్కడైనా దొరుకుతాయి. కందిపప్పు, కరివేపాకుల కోసం ఆసియా దుకాణం వెతుక్కోవాలి.

ఇంత చదువు మధ్యనా అడిగే అలవాటు పూర్తిగా పోదు. 1920లలో బెర్లిన్ చేరిన భారతీయ విద్యార్థులకు తోడ్పడినవారిలో హైదరాబాదులో పుట్టిన విప్లవకారుడు వీరేంద్రనాథ్ చట్టోపాధ్యాయ ఒకరు. నేడు ఆ పని తెలుగు విద్యార్థుల వాట్సాప్ గ్రూపులు చేస్తున్నాయి. నమోదుకు ఏ పేటలో త్వరగా అపాయింట్‌మెంటు దొరుకుతుందో, గోంగూర ఎక్కడుందో అన్నలూ అక్కలూ అర్ధరాత్రి కూడా జవాబిస్తారు. ఆ జవాబుల్లో ఆప్యాయత ఎక్కువ, ఖచ్చితత్వం ఒక్కోసారి తక్కువ. వీసాకోసం ముందే జమచేసి నెలనెలా కొంత మాత్రమే తీసుకోగల ‘బ్లాక్డ్ అకౌంట్’లో ఏడాదికి చూపవలసిన మొత్తం 2024 సెప్టెంబరులో 11,208 నుంచి 11,904 యూరోలకు పెరిగినట్లే తక్కిన లెక్కలూ నియమాలూ మారుతుంటాయి గనుక, నిరుడు వచ్చినవారు చెప్పినదాన్ని కూడా విద్యార్థి మళ్లీ ఒకసారి ఎక్కడో చదివి సరిచూసుకోవలసిందే.