పక్క తడవలేదమ్మా

కట్టేయమని చెప్పింది నేనే. సిస్టర్ అడగలేదు, వార్డు బాయ్ తొందరపడలేదు. అప్పట్లో నేను ఒక బోధనాసుపత్రిలో సైకియాట్రీ పీజీని. ఆ రాత్రి డ్యూటీ డాక్టర్ని కూడా.

ఆయనకు అరవై దాటాయి. బైపోలార్ జబ్బు తిరగబెట్టి, మేనియాలో చేర్చారు. మంచం మీంచి లేస్తాడు, తలుపు దాకా వెళ్తాడు, పొత్తికడుపు పట్టుకుని వెనక్కొస్తాడు, ఎదురొచ్చినవాళ్లని బూతులు తిడతాడు. "ఒంటేలు రావట్లేదే, చచ్చిపోతున్నానే" అని అరిచాడు. ఆ మాట నా చెవిన పడింది. పడలేదని చెప్పుకుంటే హాయిగా ఉండేది. తానే కలెక్టర్నని, అన్నంలో విషం కలిపారని సాయంత్రం నుంచీ అంటూనే ఉన్నాడు. ఆ మాటల్లో దీన్నీ కలిపేశాను.

ఉద్రేకం తగ్గడానికి సెరినేస్, ఫినర్గన్ ఇంజెక్షన్ రాశాను. బ్యాండేజీ గుడ్డతో కాళ్లూ చేతులూ మంచానికి కట్టించాను. తర్వాత గది గుమ్మం దగ్గర్నుంచే చూసి వెళ్లిపోయేదాన్ని. కాసేపు మూలుగు, కాసేపు మత్తు, మళ్లీ పెనుగులాట. మందు ఇంకా పట్టలేదనుకున్నాను.

ఫినర్గన్‌కి మూత్రాన్ని బిగబట్టే గుణం ఉంది. చేతులు వణక్కుండా ఆయనకు అప్పటికే ఇస్తున్న పేసిటేన్‌దీ అదే గుణం. ప్రొస్టేట్ పెరిగిన పెద్దవయసు మగవాడికి ఈ రెండూ పడితే ఏమవుతుందో ఎంబీబీఎస్‌లోనే చదువుకుంటాం. ప్రొస్టేట్‌కి మాత్ర వాడుతున్నాడని చేర్పించిన రోజే ఆయన భార్య చెప్పింది. కేస్ షీట్ మొదటి పేజీలో ఆ సంగతి ఉంది, నా చేతిరాతలోనే. ఒంటేలు ఆగిపోయిందని మొత్తుకుంటున్న మనిషికి ఒంటేలు ఆపే మందు పొడిపించాను.

సంగతి కనిపెట్టింది నేనూ కాదు, సిస్టరూ కాదు. తెల్లారి దుప్పట్లు మార్చే ఆయమ్మ. "పక్క తడవలేదమ్మా. రాత్రంతా కట్టే ఉంచారు గదా, మరి ఈయన ఒంటికెప్పుడు పోయాడు?" అంది.

అప్పుడు వెళ్లి పొట్ట మీద చెయ్యి వేశాను. బొడ్డు దాకా ఉబ్బి, డోలు తోలులా బిగిసిపోయి ఉంది. కెథటర్ వేస్తే సంచిలోకి లీటరుకి పైగా దిగింది. దిగుతుండగానే ఆయన అరుపు ఆగిపోయింది. ఇంజెక్షన్‌కి లొంగని ఉద్రేకంలో ఎంత భాగం మేనియాదో, ఎంత భాగం మూత్రాశయానిదో నేనిప్పుడు తేల్చలేను. గుడ్డ ఒరుసుకున్నచోట మణికట్ల మీద చర్మం లేచిపోయింది.

మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017 అప్పటికే అమల్లో ఉంది. 2018 మే 29న అమల్లోకి వచ్చింది. పరీక్షకి దాన్ని బట్టీ పట్టాను కూడా. గొలుసులతో కట్టడాన్ని 95వ సెక్షన్ పూర్తిగా నిషేధించింది. కట్టేయడం గురించి 97వ సెక్షన్ చెబుతుంది. అప్పటికప్పుడు ప్రమాదం ముంచుకొస్తుంటే, దాన్ని ఆపడానికి వేరే దారి లేనప్పుడు మాత్రమే, వైద్యం చూస్తున్న సైకియాట్రిస్టు అనుమతితో కట్టాలి. కట్టినంతసేపూ వైద్య సిబ్బంది పర్యవేక్షణ ఉండాలి. ఎలా కట్టారో, ఎందుకు కట్టారో, ఎంతసేపు ఉంచారో రాయాలి. రోగి తరఫున నిలబడే నామినేటెడ్ ప్రతినిధికి 24 గంటల్లో తెలపాలి. నెలనెలా మానసిక ఆరోగ్య సమీక్షా బోర్డుకి లెక్క పంపాలి. నేను ఆయన వైద్యం చూస్తున్న మా సార్‌కి పొద్దున్నే ఫోన్ చేసి చెప్పాను, అయిపోయాక. పర్యవేక్షణ అంటారా, గుమ్మం దగ్గర నిలబడ్డాను గదా!

2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఎర్వాడిలో ఒక ఆశ్రమానికి నిప్పంటుకుని, గొలుసులతో కట్టేసి ఉన్న రోగులు కదల్లేక 28 మంది కాలిపోయారు. క్లాసులో ఆ పాఠం చెప్పినప్పుడు మేమంతా తలలు వంచుకున్నాం. అది దర్గా దగ్గరి ఆశ్రమం, మనది ఆసుపత్రి, మనం వాడేది మెత్తటి గుడ్డ అనుకున్నాం లోలోపల. గొలుసైనా గుడ్డైనా మంచం మీద ఉన్నవాడు లేచి బాత్రూమ్‌కి పోలేడు.

ఇంతకంటే చెప్పుకోవడానికి కష్టమైన సంగతి తర్వాత జరిగింది. కేస్ షీట్‌లో ఏం రాశాను? 'రోగి ఉద్రేకంగా ఉన్నాడు, సహకరించలేదు, కట్టడమైనది. మూత్రం నిలిచినట్టు గమనించడమైనది, కెథటర్ వేయడమైనది.' ఎవరు కట్టారు, ఎవరు గమనించారు, రోగి ముందే చెప్పాడా అన్న ప్రశ్నలకు అందులో జవాబు లేదు. తన వైద్య రికార్డు చూసే హక్కు రోగికి ఈ చట్టమే ఇచ్చింది. ఆయన అడిగి తీసుకుని ఉంటే చదివేది నా ఈ రాతే. ఆయన చెప్పిన మాట అందులో ఎక్కడా లేదు.

పొద్దెక్కాక భార్య వచ్చింది. ఆయన మణికట్లు చూసి ఇదేమిటని అడిగింది. "రాత్రి బాగా గొడవ చేశారమ్మా, కట్టాల్సొచ్చింది" అన్నాను. ఆమె చేతులు జోడించి, "మిమ్మల్ని కష్టపెట్టాడా డాక్టరమ్మా, ఏమీ అనుకోకండి" అంది. 24 గంటల్లోపే ఆమెకు తెలియజేశాను కాబట్టి ఆ ఒక్క షరతు వరకూ చట్టం ప్రకారం నా పని అయిపోయింది. ప్రొస్టేట్ మాత్ర సంగతి నువ్వు చెప్పినా నేనే పట్టించుకోలేదని మాత్రం అనలేకపోయాను. అనలేదు కూడా.

కాస్త కుదుటపడ్డాక రౌండ్స్‌లో ఆయన ఆ రాత్రి సంగతంతా వరుస తప్పకుండా చెప్పాడు. విషం సంగతి ఆయనే మర్చిపోయాడు, ఒంటేలు సంగతి మర్చిపోలేదు. సార్ నా వైపు చూశారు. నేను కేస్ షీట్‌లోకి చూశాను. తర్వాత సార్ గదిలోకి వెళ్లి ఒప్పుకుంటే, "ఇప్పుడు చెబితే గొడవవుతుందమ్మా, మనిషి బాగానే ఉన్నాడు గదా" అన్నారు. నాకూ అదే కావాలనిపించింది, ఆ మాట చాటున దాక్కున్నాను. అప్పటికి రోగికి మూత్రంలో ఇన్‌ఫెక్షన్, జ్వరం. అదీ 'బాగానే' కిందికే వచ్చింది.

మానసిక వార్డులో రోగి అరుపుకి మేం ముందే పేరు పెట్టేసుకుని ఉంటాం. సెరినేస్ లాంటి మందులే కొందరిలో కాలు ఒకచోట నిలవనివ్వని తహతహ పుట్టిస్తాయి, అకతీసియా అంటాం. దాన్ని జబ్బు ముదిరిందనుకుని డోసు పెంచినవాళ్లున్నారు, దాంతో తహతహ ఇంకా పెరుగుతుంది. షుగర్ పడిపోయినా, మద్యం మానేసిన మూడోనాడైనా, మలబద్ధకంతో పేగు బిగుసుకున్నా పైకి కనిపించేది 'సహకరించడం లేదు' అనే!

ఇప్పుడు నా దగ్గర పీజీలున్నారు. ఇంజెక్షన్ రాసేముందు రోగి పొట్ట మీద చెయ్యి వేయమంటాను. కట్టక తప్పకపోతే పక్కన మనిషి ఉండాలంటాను. రోగి అన్న మాట ఆయన మాటల్లోనే, బూతుతో సహా, రాయమంటాను. మొన్నామధ్య ఒకమ్మాయి అడిగింది: "మేడమ్, రాత్రి వార్డు మొత్తానికి ఇద్దరే సిస్టర్లు. పక్కన ఎవర్ని కూర్చోబెట్టమంటారు?" సిబ్బంది చాలరన్న కారణంతో కట్టకూడదని అదే 97వ సెక్షన్‌లో ఉంది. ఆ మాట చెప్పినంత మాత్రాన మూడో సిస్టర్ రాదు. పోస్టుల కోసం పెట్టుకున్న అర్జీ ఇంకా తిరుగుతూనే ఉంది. ఆ రాత్రి కట్టిన రోగి పక్కన అమ్మాయి కుర్చీ వేసుకుని తనే కూర్చుంది, మర్నాడు ఓపీ కూడా చూసింది. ఇది పద్ధతి కాదని నాకు తెలుసు.

అందుకే బోర్డుకి పంపే నెలవారీ లెక్కలో కట్టడానికి కారణం దగ్గర ఈసారి 'రాత్రి డ్యూటీలో చాలినంత సిబ్బంది లేక' అని రాశాను. పెద్దసారు పిలిచారు. "ఇలా రాస్తే చట్టాన్ని మనమే మీరామని సంతకం పెట్టి ఇచ్చినట్టు గదమ్మా" అన్నారు.

"అవునండీ, మీరామండీ" అన్నాను.