చెవితో చదవవలసిన పద్యం

1875 డిసెంబరులో మంచు తుఫానుకు చిక్కి, ‘డాయిచ్‌లాండ్’ అనే జర్మన్ ఓడ థేమ్స్ నదీముఖం వద్ద ఇసుకమేటలో కూరుకుపోయింది. మృతులలో, స్వదేశపు చట్టాల మూలంగా దేశం విడిచిన అయిదుగురు క్రైస్తవ సన్యాసినులు ఉన్నారు. వేల్స్‌లో దైవశాస్త్రం చదువుకుంటున్న 31 ఏళ్ల జెరార్డ్ మాన్లీ హాప్కిన్స్ ఆ వార్త చదివి చలించిపోయాడు. దీన్ని గురించి ఎవరైనా పద్యం రాస్తే బాగుండునని విద్యాలయాధిపతి అన్న ఒక్క మాట ఆయనకు చాలింది. 1868లో జెస్యూట్ సంఘంలో చేరబోతూ తన పద్యాలను తగులబెట్టి, ఆపై మౌనం పూనిన మనిషి ఆయన. అయినా ఒక కొత్త లయ ఆయన చెవిని వదలలేదు.

ఆ లయ ఏమిటో తెలియాలంటే, ఆంగ్ల ఛందస్సు దేనిమీద నిలిచిందో ముందు తెలియాలి. మన గురులఘువులు కాలానికి కొలతలు: లఘువుకు ఒక మాత్ర, గురువుకు రెండు. ఆంగ్లంలో కొలత ఊనిక. ‘రికార్డ్’ అనే మాటలో మొదటి అక్షరాన్ని ఊని పలికితే నామవాచకం; రెండవదాన్ని ఊనితే క్రియ. తేలిక అక్షరం వెంట ఊనిన అక్షరం వస్తే అది ‘అయాంబ్’ గణం. అటువంటివి అయిదు చేరితే షేక్‌స్పియర్ నాటకాలలో తరచు వినవచ్చే పాదం. దాన్ని మన లగంలా సాగదీసి చదివే విద్యార్థికి ఆ పాదం ఎన్నడూ నడవదు. పాపం, అతని తెలివికి లోటు లేదు, చేతిలోని కొలబద్దే వేరు.

తేలిక, బరువు, తేలిక, బరువు అనే ఈ మార్పులేని నడకతో హాప్కిన్స్‌కు తృప్తి కలగలేదు. ఆయన ఊనికలను మాత్రమే లెక్కపెట్టాడు. వాటి నడుమ తేలిక అక్షరాలు మూడున్నా సరే, అసలు లేకపోయినా సరే. దానికి ‘స్ప్రంగ్ రిథమ్’ అని పేరు పెట్టాడు. ఊనిక నుంచి ఊనికకు దూకే లయ అన్నమాట. ఇది తాను పుట్టించిన వింత కాదనీ, పిల్లల పాటల్లో ఎప్పటినుంచో ఉన్నదేననీ ఆయన వాదన. బావిలో పడిన పిల్లిని గురించిన ఇంగ్లీషు పాట మన బడిపిల్లలకూ తెలిసినదే. మొదటి ముక్కలో అక్షరాలు మూడు, తరువాతి ముక్కలో అయిదు. చేత్తో తాళం వేసి చూడండి, రెండింటా దెబ్బలు మూడే!

35 పద్యాల ఆ కావ్యాన్ని జెస్యూట్ల పత్రిక ‘ది మంత్’ ప్రచురించ నిరాకరించింది. ప్రాణమిత్రుడు, స్వయంగా కవి అయిన రాబర్ట్ బ్రిడ్జెస్ సైతం ఎంత డబ్బిచ్చినా దాన్ని మళ్లీ చదవనన్నాడు. అయినా చదవమనే హాప్కిన్స్ వేడుకున్నాడు. తరువాత మరొక పద్యం విషయంలో, కంటితో కాక చెవితో చదవమని నచ్చజెప్పాడు. 1889లో, 44 ఏళ్లకే, డబ్లిన్‌లో టైఫాయిడ్‌తో మరణించేనాటికి ఆయన కవిత్వం దాదాపు అంతా రాతప్రతులలోనే ఉంది.

ఆ ప్రతులను భద్రంగా దాచినవాడు బ్రిడ్జెస్సే. 1918లో, ఆస్థానకవిగా ఉండగా, వాటిని అచ్చు వేయించాడు. వేసినవి 750 ప్రతులు. చెల్లిపోవడానికి సుమారు పదేళ్లు పట్టింది. మిత్రుని వింతపోకడలను, అస్పష్టతను ఆ పుస్తకంలోనే ఎత్తిచూపకుండా ఆయన ఉండలేకపోయాడు. కాని గ్రంథాన్ని మాత్రం కవి తల్లికి అంకితమిచ్చాడు. ఆమెకు అప్పుడు 98వ ఏడు నడుస్తున్నది.